చెంపదెబ్బ చప్పుడు

తెర మీద కథానాయకుడు చెయ్యెత్తగానే హాల్లో ఎవరో ఈల వేశారు. దెబ్బ ఇంకా పడలేదు. పడబోతోందని ముందే కనిపెట్టి, దానికి ఎదురెళ్ళి స్వాగతం పలికిన ఈల అది.

విలేకరుల కోసం ప్రత్యేకంగా వేసిన ఆట. హాల్లో ఉన్నవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, రాసేవాళ్ళు, పదిమందికి మంచీ చెడూ చెప్పేవాళ్ళు. వాళ్ళలో ఒకామె దినపత్రికలో సినిమా సమీక్షలు రాస్తుంది. ఆఫీసులో అందరూ ఆమెను చేదుమాత్ర అంటారు. ఎదురుగా కూడా అంటారు. ఆమె పలుకుతుంది.

కథ పెద్దగా ఏమీ లేదు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి, కుస్తీ నేర్పే ఒక మనిషిని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. ఒకరోజు స్నేహితుల ముందు అతని మాటకు ఎదురు చెప్పింది. అతను చెంప మీద కొట్టాడు. ఒక్కటితో ఆగలేదు. కొట్టినప్పుడల్లా డప్పు మోగింది, డప్పు మోగినప్పుడల్లా హాలు గోల పెట్టింది. మరుసటి దృశ్యంలో ఆ అమ్మాయి కమిలిన చెంపతోనే అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఇంతకాలం తనకు ప్రేమంటే ఏమిటో తెలియలేదంటూ పాట అందుకుంది.

చేదుమాత్ర కాళ్ళు వెనక్కి లాక్కుంది. నేల మీద ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింకుకు చెప్పులు అంటుకుపోయి, కాలు కదిపినప్పుడల్లా చర్రుమంటున్నాయి. పక్క సీట్లో ఉన్న మనిషి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. వెబ్‌సైటుకు రాస్తాడు, సినిమా సగంలో ఉండగానే చుక్కలు వేసి పంపేస్తాడు కాబట్టి అతన్ని అందరూ చుక్కలాయన అంటారు.

"మాస్‌కి పండగే మేడం! మూడున్నర పెట్టేస్తున్నా. మీరెంత?" అన్నాడు ఫోను మీంచి తల ఎత్తకుండా.

"నాకు వాంతొస్తోంది."

"అయితే రెండున్నర," అని సర్దేశాడు.

సినిమా అయిపోయాక పేర్లు పడుతుండగానే ఆమె లేచి బయటికి వచ్చింది. వాష్‌రూములో మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. ఇద్దరు అమ్మాయిలు అద్దం ముందు నిలబడి ఆ పాటనే కూనిరాగం తీస్తున్నారు. మళ్ళీ నీళ్ళు కొట్టుకుంది.

ఆఫీసుకు వచ్చి, చేతి సంచీ కూడా దించకుండా రాయడం మొదలుపెట్టింది. ఒక్క ఊపున రాసేసింది. సినిమా పేజీ చూసే పెద్దాయన టేబులు మీదికి కాపీ వెళ్ళింది. ఆయన దగ్గరికి నిండుగా వెళ్ళిన రాత ఏదీ నిండుగా తిరిగి రాదు, అందుకని ఆయన పేరు కత్తెర. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, రెండుసార్లు చదివి, ఆమెను పిలిచాడు.

"ఇది నేను వెయ్యను."

"ఎందుకు వెయ్యరు సార్?"

"ఇందులో నువ్వున్నావు. సినిమా లేదు. రోత అన్నావు, కంపు అన్నావు, తీసినవాళ్ళ మొహాన ఉమ్మెయ్యాలన్నావు. నీకు ఒళ్ళు మండిందని తెలిసింది. ఎందుకు మండిందో తెలియలేదు. టిక్కెట్టు కొనుక్కోబోయేవాడికి నీ కడుపులో తిప్పడంతో పనేముంది?"

"పెళ్ళాన్ని కొడితే పాట పెట్టారు. ఇంకేం కారణం కావాలి?"

"అదైనా రాశావా? చూడు. ఎక్కడుందో చూపించు."

ఆమె కాపీ లాక్కుని చూసింది. నిజమే, లేదు. కొట్టిన సంగతి ఎక్కడా లేదు. తిట్లే ఉన్నాయి.

ఆ మాట ఒప్పుకుందామనుకునే లోపే ప్రకటనల మేనేజరు వచ్చి టేబులు అంచు మీద కూర్చున్నాడు. మనిషి ఎప్పుడూ అప్పుడే దువ్వుకున్నట్టుంటాడు. "మేడం, కాస్త సమతూకంగా ఉండేలా చూడండి. ఆదివారం వాళ్ళది పూర్తి పేజీ. మిమ్మల్ని పొగడమనట్లేదు. ఛాయాగ్రహణం బాగుంది, పాటలు ఫర్వాలేదు, రెండో సగం కొంచెం సాగింది... అందరూ రాసేదే. ఎవరికీ నొప్పి ఉండదు."

ఆ సమతూకమన్న మాట అతని నోట్లోంచి ఎంగిలి పడి వచ్చినట్టనిపించింది ఆమెకు. మంచి మాట. దాన్ని ఇలాంటివాళ్ళు నమిలి నమిలి పిప్పి చేశారు. కత్తెర అతని వైపు చూడకుండానే, "మీ పేజీ మీరు చూసుకోండి, నా పేజీ నేను చూసుకుంటా," అని పంపేశాడు. తర్వాత ఆమెతో, "రేపు సాయంత్రం దాకా టైముంది. ఆయనకి భయపడి చెప్పట్లేదు. మళ్ళీ వెళ్ళి చూసిరా," అన్నాడు.

"మళ్ళీనా? దాన్నా?"

"దాన్నే."

ఆమె ముఖం గంటు పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

ఆమె అన్నావదినల దగ్గర ఉంటుంది. అన్నయ్య కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు కోస్తాడు. వదిన ఇంటి వెనక షెడ్డులో సినిమాలకు చప్పుళ్ళు చేస్తుంది. షూటింగులో పట్టిన శబ్దం సరిగ్గా ఉండదు కాబట్టి నడక, తలుపు, గుడ్డల గరగర, గ్లాసు పెట్టడం, అన్నీ తర్వాత తెర చూస్తూ మళ్ళీ చేసి కలుపుతారు. ఆ షెడ్డు నిండా జతలేని బూట్లు, తుప్పు పట్టిన గొళ్ళేలు, ఇసుక పోసిన తొట్లు, తోలు సంచులు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే చెత్త పోగేసే ఇల్లనుకుంటారు.

చేదుమాత్ర వచ్చేసరికి వదిన వంటగదిలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది.

"ఏమ్మా, మొహం అలా పెట్టావు? ఇవాళ ఎవరి కొంప ముంచొచ్చావు?"

"ఇవాళ నా కొంపే మునిగింది వదినా," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. సినిమా కథంతా చెప్పింది. ఈలలు, చప్పట్లు, డప్పులు, ఇస్త్రీ పెట్టె, పాట, ఒక్కొక్కటే అసహ్యంగా చేతులు విదిలిస్తూ చెప్పింది. "ఆ దెబ్బ చప్పుడుంది చూడు, ఛెళ్ళుమని! దానికే సగం మంది ఊగిపోయారు. తీసినవాడి చెంప మీద అలా..."

వదిన చేతులు ఆగిపోయాయి. "ఆ పిల్ల నీలం చీర కట్టుకుందా? వెనకాల మెట్లున్నాయా?"

"ఉన్నాయి. నీకెలా తెలుసు?"

వదిన లేచి పొయ్యి కట్టేసింది. "ఆ చప్పుడు నేనే చేశాను."

తర్వాత వదిన ఆమెను షెడ్డులోకి తీసుకెళ్ళింది. సినిమా పేరు కూడా చెప్పకుండా, ముక్కలు ముక్కలుగా కోసి పంపుతారని, ముందేముందో వెనకేముందో తెలియదని చెప్పింది. మొదట తన మోచేతి లోపలి వైపు తడి అరచేత్తో కొట్టుకుని చేసిందట. మాంసం మీద మాంసం పడ్డ చప్పుడు, మొద్దుగా, చిన్నగా. దాని వెంటే ఆ అమ్మాయి ఊపిరి చటుక్కున లోపలికి లాగిన చప్పుడు కూడా పెట్టింది.

"డైరెక్టరు విని, వద్దన్నాడు. నిజంగా కొట్టినట్టుందండీ, జనానికి మూడ్ పాడవుతుంది, ఊపు రావాలి అన్నాడు. అప్పుడు బెల్టు మడిచి లాగి కొట్టా. ఇదిగో ఇలా." గోడ మేకుకు వేలాడుతున్న తోలు బెల్టు తీసి, మడిచి, రెండు కొసలూ పట్టి విసురుగా లాగింది.

ఛెళ్ళుమంది. ఆ చిన్న గదిలో ఆ చప్పుడు వినగానే చేదుమాత్రకు పొద్దుటి హాలు, ఆ ఈలలు, కాలి కింద జిగట, అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది.

"ఊపిరి?"

"తీసెయ్యమన్నాడు. తీసేశా."

"తీసేసి ఇచ్చేశావా? అంత తెలిసీ?"

"ఇచ్చేశా. పని కదా."

"ఛీ వదినా. నువ్వు కూడా."

వదిన బెల్టును బల్ల మీద పడేసింది. "ఛీ నాకేనా? నీ పేపరు నిన్నగాక మొన్న ఆ డైరెక్టరు మొహం మొదటి పేజీలో వేసింది. నువ్వు ఆ పేపర్లోనే రాస్తున్నావు, అక్కడే టీ తాగుతున్నావు. నీ చేతులూ నీ పేపరు చేతులూ మల్లెపూలు, నా చేతులే పేడా? నాకు రోత లేదనుకున్నావా? ఆ రోజు అన్నం సయించలేదు నాకు. మీ అన్నయ్యనడుగు."

అప్పుడే దుకాణం నుంచి వచ్చిన అన్నయ్య షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. "నన్నేమీ అడక్కండి. ఆకలేస్తోంది. మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తినేశాక ఏమైనా మిగిలితే చెప్పండి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు.

భోజనాల దగ్గర వదినే మళ్ళీ మాట కలిపింది. "నేను చెప్పిందంతా పేపర్లో పెట్టేస్తావా?"

"పెట్టను. ఇంట్లో విన్నది ఇంట్లోనే."

"అయితే మళ్ళీ వెళ్ళి నీ చెవులతో నువ్వు విను. నేను చెప్పింది కాదు, నువ్వు విన్నది రాయి. చూడ్డానికే వెళ్తారు మీరంతా. వినేవాళ్ళు లేరు."

మర్నాడు ఉదయం ఆమె టిక్కెట్టు కొనుక్కుని మామూలు జనంతో కూర్చుంది. ఈసారి తిట్టుకోవడానికి కాదు, పట్టుకోవడానికి వచ్చింది. అందుకేనేమో, నిన్న కోపంలో అసలు కనిపించనివి కొన్ని కనిపించాయి.

మొదటి సగంలో ఒక ఈత కొలను దృశ్యం ఉంది. కొండలాంటి కథానాయకుడికి నీళ్ళంటే భయం. గట్టు మీద నిలబడి వణుకుతాడు. ఆ అమ్మాయి నీళ్ళలో నిలబడి అతని రెండు వేళ్ళు పట్టుకుంటుంది. సంగీతం లేదు. అతని ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది, తడబడుతూ, ఆగుతూ. కెమెరా అతని మొహాన్ని వదిలిపెట్టదు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. చేదుమాత్ర కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. బాగా తీశాడు. ఒప్పుకోక తప్పదు, నోట్లో పురుగు పడ్డట్టున్నా ఒప్పుకోవాలి. చాలా బాగా తీశాడు.

తర్వాత ఆ ఘట్టం వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. బెల్టు చప్పుడు, దాని తోక పట్టుకుని డప్పు. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు. ఊపిరి లేదు, చీర కదిలిన అలికిడి లేదు, గదిలో ఉన్న స్నేహితులు ఉలిక్కిపడ్డ జాడ లేదు. అక్కడ ఒక మనిషి ఉన్నట్టే చెవికి తెలియదు. కళ్ళు తెరిచేసరికి కెమెరా అప్పటికే ఆ అమ్మాయి మొహం మీంచి వెళ్ళిపోతోంది. వెళ్ళే ముందు రెప్పపాటు కాలం ఆ నటి కళ్ళు కనిపించాయి. ఆమె భయపడుతోంది. ఆ నటి సరిగ్గానే చేసింది. ఆ చేసిన దాన్ని చూడనివ్వలేదు.

అంటే ఈ డైరెక్టరుకు భయాన్ని చూపించడం తెలుసు. భయపడే మనిషి ఊపిరి ఎలా ఉంటుందో తెలుసు. తెలిసి, ఇక్కడ గొంతు నొక్కాడు. చేతకానివాడి సినిమా అనుకుని నిన్న తిట్టింది ఆమె. చేతనైనవాడి సినిమా అని ఇవాళ తెలిసింది. నిన్నటి రోత దీని ముందు ఏపాటిది!

ముందు వరుసలో ఒక జంట కూర్చున్నారు. దెబ్బ పడగానే ఆ భర్త సరదాగా పెళ్ళాం వైపు అరచెయ్యి ఎత్తి చూపించాడు. ఆమె కిలకిలా నవ్వింది. నవ్వుతూనే తల పక్కకు తీసుకుంది. ఆ తల తీసుకోవడం సరదాగా లేదు. అలవాటుగా ఉంది.

చేదుమాత్ర చివరి దాకా కూర్చుంది. పేర్లు పడుతుంటే వదిన పేరు కోసం వెతికింది. చీమల బారులా పరుగెత్తే అక్షరాల మధ్య అది వచ్చింది, వెళ్ళిపోయింది. అప్పటికి హాలంతా ఖాళీ.

బయటికి రాగానే వదినకు ఫోను చేసింది.

"నా ఇంటి మనిషి ఈ సినిమాకు పనిచేసిందని చివర ఒక వాక్యం రాయాలి వదినా. చెప్పకుండా రాస్తే దొంగతనంలా ఉంటుంది. నీకు ఇబ్బందనుకుంటే అసలు సమీక్షే రాయను. ఇంకెవరికైనా ఇచ్చేస్తా."

అటువైపు వదిన ఏదో కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత వదిన, "ఇంటి మనిషేంటి, బియ్యం బస్తాలా? పేరు పెట్టి రాయి. ఆ తెర మీద ఎవడూ చదివి చావలేదు. నీ పేపర్లోనైనా చదువుతారు," అంది.

"పని పోతుందేమో."

"పోతే పోనీ. బఠానీలు ఒలుస్తా."

ఆమె ఆఫీసుకు వెళ్ళి మళ్ళీ రాసింది. ఈసారి ఊపు లేదు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది నేను చూశానా, ఊహించానా అని తనను తాను ప్రశ్నించుకుంటూ రాసింది. కథ రెండు ముక్కల్లో చెప్పింది. ఈత కొలను దృశ్యాన్ని మెచ్చుకుంది, పొదుపుగా కాదు, మనసు పెట్టి మెచ్చుకుంది. తర్వాత దాన్నే చెంపదెబ్బ పక్కన నిలబెట్టింది. "గట్టు మీద నిలబడ్డ మగవాడి భయం కోసం ఈ సినిమా సంగీతాన్ని ఆపేసింది. దెబ్బ తిన్న ఆడమనిషి భయం వినపడకుండా డప్పులు వాయించింది. ఆ దెబ్బ ఛెళ్ళుమని మోగుతుంది. చెంప మీద పడ్డ చెయ్యి అలా మోగదు. నొప్పిని తీసేసి, మోతను మిగిల్చారు. మనం ఈల వేస్తున్నది ఆ మోతకు." నటి కళ్ళ గురించి రాసింది. ముందు వరుసలో తల పక్కకు తీసుకున్న ఆమె గురించి కూడా రాసింది. రోత అన్న మాట ఎక్కడా వాడలేదు. చివర వదిన పేరూ, బంధుత్వమూ రాసింది. చుక్కలు వెయ్యలేదు.

కత్తెర చదివాడు. ఒక్క మాటా కొయ్యలేదు. "ఈ ఆఖరి వాక్యం ఎవరడిగారు? తీసెయ్యకూడదా?" అన్నాడు.

"అది తీస్తే మొత్తం తీసెయ్యండి సార్."

"ఉంచుతాలే. ఇప్పుడు నాకు కూడా కడుపులో తిప్పుతోంది," అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన నోటి నుంచి మెప్పు అంతకు మించి రాదు.

మర్నాడు పేపరు వచ్చింది. సమీక్ష అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. దాని నెత్తి మీద మాత్రం మూడు చుక్కలు మెరుస్తున్నాయి.

ఆమె పేపరు పట్టుకుని నేరుగా కత్తెర దగ్గరికి వెళ్ళింది. ఆయన నీళ్ళు నమిలాడు. తాను ఇంటికి వెళ్ళాక, పేజీ ప్రింటింగుకు వెళ్ళే ముందు, ప్రకటనల విభాగం నుంచి ఎవరో వచ్చి చుక్కల గడి ఖాళీగా ఉందని నింపించారట. ప్రకటనల మేనేజరు తన గదిలో కూర్చుని తీరిగ్గా నవ్వాడు. "ఖాళీగా ఉంటే అచ్చు తప్పనుకుంటారు మేడం. మీరు ఒకటి మెచ్చుకున్నారు, ఒకటి తిట్టారు. మధ్యలో మూడు. అదే కదా సమతూకం?"

ఆమెకు అతని టేబులు మీదున్న నీళ్ళ గ్లాసు ఎత్తి అతని దువ్విన తల మీద పోయాలనిపించింది. పొయ్యలేదు. సవరణ వేసేదాకా తాను ఇంకో అక్షరం రాయనని చెప్పి వచ్చేసింది. సవరణ వేశారు. వాతావరణ వార్తల కింద, భూతద్దం పెట్టుకుంటే కనిపించే అక్షరాల్లో.

అంతకంటే అసహ్యం ఆదివారం వచ్చింది. పూర్తి పేజీ ప్రకటన. కథానాయకుడు చెయ్యెత్తి నిలబడ్డాడు. అతని అరచేతి పక్కన, ఎర్రటి అక్షరాల్లో, ఆమె పత్రిక పేరుతో: "ఛెళ్ళుమని మోగుతుంది!"

అన్నయ్య ఆ పేజీ చూసి మడిచి, బల్ల కింద పెట్టేశాడు. అయినా ఆమె చూసింది. చూసి, వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి నిజంగానే కక్కుకుంది. వదిన వెనక నిలబడి నుదురు పట్టుకుంది.

సినిమా బాగా ఆడింది. సమీక్ష చదివి మానేసినవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు. కొందరు మాత్రం పత్రికకు ఫోను చేశారు. ఒకాయన, ఆడాళ్ళతో సమీక్షలు రాయిస్తే ఇంతేనన్నాడు. ఒకామె ఏదో చెప్పబోయి, వెనక ఎవరో వచ్చిన అలికిడి కాగానే పెట్టేసింది.

వదినకు పని పోతుందని ఇద్దరూ ఎదురుచూశారు. పోలేదు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆ సినిమాకు శబ్దాలన్నీ కలిపిన మనిషే ఫోను చేశాడు. వదిన ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కింది.

"మేడం, కొత్త సినిమా. ఇందులో అత్తని కోడలు కొడుతుంది. మొన్నటి దెబ్బే కావాలి. పేపర్లో కూడా రాశారుగా, మోగిపోయిందని!"

"ఆ పేపరు చదివావా నాయనా?"

"ప్రకటన చూశా మేడం."

వదిన చేదుమాత్ర వైపు చూసింది. వదిన మొహం అంతలా బిగుసుకోవడం చేదుమాత్ర ఎప్పుడూ చూడలేదు. "దెబ్బ చేసిస్తా. కానీ నిజం దెబ్బే చేస్తా. వెనకాల ఊపిరి ఉంటుంది. ఊపిరి తీసేస్తే నేను చెయ్యను."

"అబ్బే, అంత కష్టం మీకెందుకు మేడం? మొన్నటి ఫైలు మా దగ్గరుంది. అదే వాడేసుకుంటాం. మర్యాద కోసం మీకో మాట చెబుదామని చేశా. ఉంటా!"

ఫోను ఆగిపోయింది. వదిన దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. "నా చేత్తో చేసింది. ఇంక ఎన్ని చెంపల మీద వేస్తారో," అంది. గొంతులో ఏడుపు లేదు. మొహం మాత్రం ఈగ పడ్డ పాలు తాగినట్టుంది.

చేదుమాత్ర కుర్చీ లాక్కుంది. పక్కన కూర్చుంది. "ఎక్కడ వేసినా వింటాను వదినా. విన్నచోటల్లా రాస్తాను," అంది.

"మళ్ళీ చుక్కలేస్తారు."

"వేస్తారు. మళ్ళీ గొడవ చేస్తా."

ఆ కొత్త సినిమా వచ్చింది. అత్త కోడళ్ళ హాస్యమన్నారు. ఇంటిల్లిపాదీ చూడదగ్గదన్నారు. చేదుమాత్ర వెళ్ళి కూర్చుంది. పిల్లలు, ముసలివాళ్ళు, ఒళ్ళో తినుబండారాలతో హాలు నిండిపోయింది. వంటగది దృశ్యంలో కోడలు చెయ్యెత్తగానే ఆమె కళ్ళు మూసుకుంది.

అదే. బెల్టు కొసలు లాగినప్పుడు వచ్చే ఆ చిన్న రాపిడి చప్పుడు కూడా అలాగే ఉంది.

చుట్టూ నవ్వులు ఎగిసిపడ్డాయి. ఆమె కళ్ళు తెరిచి, ఆ నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, దెబ్బ తిన్న అత్త మొహాన్ని కెమెరా ఎంతసేపు చూస్తుందో చూడసాగింది.